ఉష్ కాకీ

పులికాటు ఒడ్డున చేపలు ఎండబెట్టే పేరమ్మకు పొద్దస్తమానం ఒకటే పాట: "ఉష్ కాకీ, ఉష్." పక్కనే గుడ్డ ఉయ్యాలలో రెండు నెలల కూతురు ఆ పాట వింటూనే నిద్రపోయేది. పందొమ్మిది వందల అరవై ఒకటి చలికాలంలో పేరమ్మకు పడిశం పట్టింది. బిడ్డకు అంటకూడదని చేతులు కడుక్కుని, పైటకొంగు ముక్కుకు కట్టుకుని పాలివ్వబోయింది. ఆ ముసుగుకు బెదిరి బిడ్డ రొమ్ము పట్టలేదు. పూట గడిచినా పట్టలేదు.

అత్త కామాక్షమ్మ పడిశానికని మత్తిచ్చే నల్లమందు తెచ్చింది. "ఇది మింగి పడుకోవే. బిడ్డకు మేకపాలు నేను పడతా."

"నేను మింగింది పాలల్లోకి దిగదా అత్తా? ఆవిరి పడతాలే."

"ఓహో, డాక్టరమ్మ చెప్పొచ్చినాది."

పేరమ్మ వావిలాకు ఆవిరి పట్టి వచ్చి బిడ్డను ఒళ్లోకి తీసుకుంది. ముసుగు తీయకుండానే, బొంగురు గొంతుతో మెల్లగా "ఉష్ కాకీ, ఉష్" అంది. బిడ్డ ఏడుపు ఆపి, కాసేపు విని, రొమ్ము అందుకుంది.

కొన్నేళ్లకు పేరమ్మకు ముగ్గురు ఆడపిల్లలయ్యారు. కామాక్షమ్మ కూడా తనకు పడిశం పట్టినప్పుడు ముక్కుకు కొంగు కట్టుకున్నాకే వాళ్లను ఎత్తుకునేది.