అమ్మ సమాధి మీద తీతువు పిట్ట

మా ఊరి సమాధుల తోట గురించి మొదలుపెడితే నేను ఆగను. ముందే చెబుతున్నాను. బందరులో మా వీధివాళ్ళు, నేను నోరు తెరవగానే "అయిపోయింది, తోటలోకి వెళ్ళిపోయారండీ ఈవిడ" అని నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. గొప్పలు చెప్పుకోవడానికి మాకున్నదే అది. దాన్ని కూడా దాచుకోమంటే ఎలా?

చల్లపల్లి నుంచి అవనిగడ్డ వెళ్ళే బస్సు మధ్యలో దిగి, కాలవ గట్టు పట్టుకుని నడిస్తే మా పేట. పేట చివర తోట. దాని చుట్టూ వరి, వరి దాటితే రొయ్యల చెరువులు. నా చిన్నప్పటి పుంతదారులు, గట్ల మీది పొదలు, బీళ్ళు అన్నీ ఆ చెరువుల్లో కలిసిపోయాయి. ఈ ఒక్క చోటు మాత్రం ఎవరూ దున్నలేదు, తవ్వలేదు, మందు కొట్టలేదు. అందుకే ఉడుములు, ముంగిసలు, జెముడుకాకులు ఒక్కొక్కటే మావాళ్ళ దగ్గరికి కాపురానికి వచ్చేశాయి.

మా పెద్దవాళ్ళకి ఊరు ఇచ్చింది మంచి నేలేమీ కాదు. గడ్డి కూడా మొలవని చౌడు పల్లం. రెండు అడుగులు తవ్వితే నీళ్ళు. అక్కడ శవపెట్టెను దించడానికే భయపడేవాళ్ళట. అప్పుడు పెట్టుకున్నారు మా పద్ధతి. ఎవరు పోయినా, మట్టికి వచ్చే ప్రతి ఇంటివాళ్ళూ తమ ఊరి నుంచి ఒక తట్టెడు మన్ను తెచ్చి పోయాలి. అందరూ పిడికెడు వేస్తారు. మాకు పిడికెడు చాలదు. అలా తట్ట మీద తట్ట పోసి, పల్లాన్ని మెరక చేసుకున్నారు. ఆ మెరక ఎక్కినప్పుడల్లా నాకు ఛాతీ పొంగుతుంది.

తట్టల్లో మన్ను ఒక్కటే రాలేదు. గుడివాడ వైపు బంధువులు తెచ్చిన నల్లమట్టిలో తుమ్మి, గలిజేరు వచ్చాయి. కృష్ణ లంకల ఒండ్రులో నేల ఉసిరి, ఉత్తరేణి వచ్చాయి. హంసలదీవి నుంచి మా పేటకొచ్చిన కోడలు ఒకావిడ పోతే, పుట్టింటివాళ్ళు సముద్రపు ఇసుక మోసుకొచ్చారు. ఇప్పుడు ఆవిడ మీద ఊదా పువ్వుల ఇసుకతీగ పాకుతుంది. చుట్టూ ఎన్ని ఊళ్ళు వెతికినా ఆ తీగ మా తోటలో తప్ప కనబడదు. సముద్రం ఒడ్డున ఉంటుంది కదా అంటారా? సముద్రం ఒడ్డున ఉంటే గొప్పేముంది!

అమ్మ పోయింది మొన్న ముసురు రోజుల్లో. ఈ ఈస్టరే అమ్మకు మొదటి పండగ. మాలో మొదటి ఈస్టర్ అంటే మాటలు కాదు. ముందురోజు మట్టి మెత్తి, సున్నం కొట్టి, తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగించాలి. సున్నం పడని సమాధిని చూస్తే, వాళ్ళకి దిక్కెవరూ లేరేమో అనుకుంటారు. మా అమ్మకు ఆ మాట రాకూడదని తమ్ముడూ నేనూ నెలరోజుల నుంచీ అనుకుంటున్నాం. గుడివాడలో ట్రాక్టర్లు బాగుచేస్తాడు మా తమ్ముడు. వానకి మన్ను కొట్టుకుపోతుందని, పెద్దవాళ్ళ పద్ధతి పక్కనపెట్టి, అమ్మ మీద రెండు బస్తాల కంకర కూడా పోశాడు.

శనివారం పొద్దున్నే సున్నం బకెట్టుతో వెళ్ళేసరికి ఒక పిట్ట మా నెత్తి మీదకే దూకింది. పొడుగు కాళ్ళు, కళ్ళ ముందు ఎర్రటి తోలు, చెవులు చిల్లులు పడే అరుపు. తీతువు పిట్ట. తమ్ముడు కంకర మీద కాలు పెట్టబోయి ఆగిపోయాడు. రాళ్ళ మధ్య, రాళ్ళలాగే మచ్చలతో నాలుగు గుడ్లు.

"పక్కకి జరిపి సున్నం కొట్టేయండ్రా" అంది పెద్దమ్మ. అమ్మకు సొంత అక్క. కొవ్వొత్తుల సంచీ ఒళ్ళో పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది.

"జరిపితే మళ్ళీ పొదగదేమో పెద్దమ్మా" అన్నాను.

"తీతువు కూత చావుకూత. మంచిది కాదే."

"ఇక్కడున్న వాళ్ళకి ఇంకేం చావుకూత పెద్దమ్మా?"

ఆవిడ నవ్వలేదు. "నీకన్నీ ఎగతాళే. రేపు ఊరంతా వస్తుంది. నా చెల్లెలొక్కతే దిక్కులేని దానిలాగా మట్టికొట్టుకుని ఉండాలా?" అంటూ కళ్ళు తుడుచుకుంది. నాకూ అదే బాధ. తమ్ముడు బకెట్టు పట్టుకుని మా ఇద్దరి మొహాలూ చూస్తూ నిలబడ్డాడు.

ఎటూ తేలక, కానుగ నీడన కూర్చున్నాం. ఎండ ముదిరింది. పిట్ట గుడ్ల మీద నుంచి లేచి కాలవ వైపు ఎగిరిపోయింది. "పోయింది, చూశావా" అంది పెద్దమ్మ. కాసేపటికే తిరిగొచ్చింది. పొట్ట ఈకల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ తడి పొట్టతోనే గుడ్ల మీద కూర్చుంది. ఆరిపోగానే మళ్ళీ కాలవకు వెళ్ళింది, మళ్ళీ తడుపుకుని వచ్చింది.

పెద్దమ్మ చాలాసేపు దాన్నే చూసింది. "మీ అమ్మా ఇంతేనే. అప్పట్లో మన పేటకి కరెంటెక్కడిది? రోహిణి ఎండల్లో బావి దగ్గర చీర తడుపుకొచ్చి, ఆ తడి చీరతో మిమ్మల్నిద్దర్నీ పొదివి పట్టుకుని పడుకునేది. ఆరిపోతే మళ్ళీ వెళ్ళేది. జలుబు చేస్తుందే అంటే వినేది కాదు."

నాకు ఏడుపు ఆగలేదు. తమ్ముడు బకెట్టు తీసుకెళ్ళి, ఎవరూ పట్టించుకోని ఒక పాత సమాధికి ఆ సున్నమంతా కొట్టేశాడు.

ఆదివారం తెల్లవారుజామున తోటంతా కొవ్వొత్తులు. తెల్లటి సమాధుల మధ్య అమ్మది ఒక్కటే కంకర గుట్ట. దూరంగా ఉండి పాటలు పాడుకున్నాం. పిట్ట లేవకుండా పెద్దమ్మ కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. ఎవరో పొరుగూరి ఆవిడ ఆగి, జాలిగా అడిగింది. "ఇదెవరిదండీ? పాపం, వీళ్ళవాళ్ళెవరూ రాలేదా?"

నెలరోజులుగా మేం భయపడుతున్న మాట అదే. పెద్దమ్మ మాత్రం నడుం నిటారుగా పెట్టింది.

"ఎందుకు రాలేదమ్మా, అందరం ఇక్కడే ఉన్నాం. నువ్వు కాస్త మెల్లగా మాట్లాడు. మా చెల్లెలి దగ్గర పిల్లలున్నారు."