అక్క జాకెట్ల లోపలి కుట్టు

ఇన్నేళ్ళుగా ఒక కుట్టు నా గొంతుకి అడ్డంపడి ఉంది. అరచేతి పొడవు కూడా ఉండదది. దాని గురించి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దేవుడి ముందు కూడా విడమరిచి చెప్పలేదు, "తప్పు చేశాను స్వామీ" అని పైపైన అనేసి లేచి వచ్చేశాను. ఈ మధ్య నా ఒంట్లో ఒక మార్పు కనిపించింది. అప్పటినుంచి భయం పట్టుకుంది. చావంటే భయమా, నేను చేసింది బయటపడుతుందని భయమా? నన్ను నేను అడిగి చూసుకున్నాను. తేల్చుకోలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. కాస్త ఓపిక పట్టండి, నేను తిన్నగా చెప్పే మనిషిని కాదు.

తెనాలిలో ఆడవాళ్ళకి జాకెట్లు కుడతాను. మా ఇంటి ముందు గదే నా కొట్టు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నాతోపాటే వయసు పైబడినవాళ్ళు. కొలతకని ఆది జాకెట్టు ఒకటి తెస్తారు. అది ఎప్పుడో సన్నగా ఉన్న రోజులది. "దీని ప్రకారం కుట్టెయ్యమ్మా" అంటారు. దాని ప్రకారం కుడితే చెయ్యి దూరదు. ఆ సంగతి నాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. నేను టేపు తీసి కొలుస్తాను, అంకె మాత్రం పైకి అనను. "పాత కొలతేనండి, ఉతుకులకి గుడ్డ ముడుచుకుంది" అంటాను. వాళ్ళ మొహం విచ్చుకుంటుంది. ముందు ముందు విప్పుకోవడానికి పక్క కుట్ల లోపల గుడ్డ కాస్త ఎక్కువ వదిలిపెడతాను. ఈ అబద్ధం మా పనిలో మర్యాద. మా అక్క కూతురు ఉష నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినప్పుడు కత్తెర పట్టుకోవడం కన్నా ముందు దీన్నే నేర్పాను. ఆడమనిషి కొలత ఆమె మొహాన చెప్పకే అమ్మాయ్, అన్నాను.

నాకు ఆ అబద్ధం చెప్పేవాళ్ళు లేరు. నా టేపు నా చేతిలోనే ఉంటుంది కదా! నలభై దాటాక ఒళ్ళు చేయడం మొదలైంది. ఒక్కరోజులో వచ్చింది కాదు. ముందు గాజులు ఎక్కడం మానేశాయి. తర్వాత ఉంగరం. ఆ తర్వాత కూర్చుని లేవాలంటే చెయ్యి నేలకి ఆనించాల్సి వచ్చింది. అన్నం తగ్గించాను, రాత్రిపూట చపాతీలు తిన్నాను, పొద్దున్నే కాలవ గట్టు మీద నడిచాను. తగ్గినట్టే తగ్గేది, పండగ వెళ్ళేసరికి మళ్ళీ మామూలే. కొట్లో నిలువుటద్దం ఉంటే దాన్ని గోడవైపు తిప్పిపెట్టాను, ఎవరైనా అడిగితే మరకలు పడ్డాయని చెప్పాను.

అక్క నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. రేపల్లెలో కాపురం. బావది చేపల వ్యాపారం, పొద్దస్తమానం రేవుల వెంట తిరిగేవాడు. అక్క ఇద్దరు పిల్లల తల్లి అయినా పెళ్ళినాటి మనిషిలాగే ఉండేది. ఏ చీర కట్టినా కుచ్చిళ్ళు నిండుగా వచ్చేవి. నాకు అసూయ ఉండేదా? ఉండేది. ఎంత? ఉష పెళ్ళిలో తెలిసింది ఎంతో. బాపట్లలో పెళ్ళి, మగపెళ్ళివారి తాలూకు ఒకావిడ మా ఇద్దర్నీ చూసి, "మీరు పెళ్ళికూతురి పెద్దమ్మగారా అండి?" అని నన్ను అడిగింది. అక్క పకపకా నవ్వింది. "లేదండి, పిన్ని. నా చెల్లెలు. తెనాలి నీళ్ళు బాగా ఒంటబట్టినయ్" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. విస్తరి ముందు కూర్చున్నానే గానీ ముద్ద దిగలేదు. ఫోటోలు తీస్తున్నప్పుడు అందరి వెనకాల నిలబడి మెడ మాత్రం పైకెత్తాను.

ఆ పెళ్ళి అయిన కొంతకాలానికి అక్క జాకెట్ల సంచి పట్టుకుని తెనాలి వచ్చింది. రైలు దిగి నడిచి వచ్చిందేమో, ఆయాసపడుతోంది. మంచినీళ్ళు తాగి, గుమ్మంవైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఏమే, కుచ్చిళ్ళు తగ్గిపోతన్నయ్. లంగా బొందు చాలట్లేదు. నాకూ పొట్టొస్తందంటావా?"

నా గుండె గంతేసింది. దాచను మీ దగ్గర. సంతోషంతోనే గంతేసింది.

"రాదా మరి? నువ్వేమన్నా పైనుంచి దిగొచ్చావా? వయసక్కా, వయసు" అన్నాను.

"మరి ఈ జాకెట్టు చేతులేంటే ఇలా వేలాడతన్నయ్? చిక్కానేమో అనుకున్నా."

"చిక్కడమా! ముందు ఆ పొట్ట చూసుకో తల్లీ. ఉతుకులకి గుడ్డ సాగింది."

"అంతేనంటావా?"

"అంతే. ఇటివ్వు, బిగిస్తా."

అందరికీ గుడ్డ ముడుచుకుందని చెప్పేదాన్ని, మా అక్కకి మాత్రం సాగిందని చెప్పాను. తను చిక్కిందేమోనన్న ఆశతో అడిగింది చూశారూ, ఆ కాస్త సంబరం కూడా దానికి దక్కకూడదనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? ఇన్నేళ్ళ తర్వాత, జరిగింది తెలిశాక, నన్ను నేను తిట్టుకోవడానికి ఆ బుద్ధిని అప్పటికి అంటగడుతున్నానా? లేదు. అనుకున్నాను. బాగా గుర్తుంది.

అంతవరకూ అయితే తెలియక చేశానని సర్దిచెప్పుకునేదాన్నేమో. అసలు సంగతి తర్వాతది. కొన్ని నెలలకి అక్క మళ్ళీ జాకెట్లు పంపింది, హుక్కులు ఊడాయని. ఎవరితోనో పంపింది, తను రాలేదు. వాటితోపాటు వేసి విడిచిన జాకెట్టు ఒకటి కలిసిపోయి వచ్చింది. దాని చేతులకి రెండు వైపులా పిన్నీసులు పెట్టి ఉన్నాయి, వదులు ఆపుకోవడానికి. పిన్నీసుల మధ్య కొలిచాను. నా చెయ్యి ఆగిపోయింది. ఒళ్ళు చేసే ఆడదానికి ముందు చేతులే బిగుస్తాయి. అది పుస్తకాల్లో చదివింది కాదు, రోజూ చూసేదే. పొట్ట పెరుగుతూ చేతులు ఎండిపోతున్నాయంటే అది కొవ్వు కాదు, వయసు కాదు. ఇంకేదో. ఆ క్షణాన నాకు తెలిసింది. పేరు తెలియదు, అంతే.

ఫోను పక్కనే ఉంది. అక్కా, ఒకసారి డాక్టరుకి చూపించుకోవే అంటే సరిపోయేది. అనలేదు. ఎందుకు అనలేదు? అన్నానంటే నేను మొదట చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలి. "పొట్ట చూసుకో తల్లీ" అని వెక్కిరించిన నోటితోనే ఆ మాట వెనక్కి తీసుకోవాలి. ఇంకా ఒకటుంది. అది చిక్కిపోతోందని నలుగురూ అంటే నేను వినలేను. అందుకని హుక్కులు కుట్టి, ఎవరూ అడగకుండానే, జాకెట్లన్నీ తిరగేసి, చేతుల దగ్గర పాత కుట్టుకి లోపలివైపుగా ఇంకో కుట్టు వేశాను. వాటిని మడిచి, ఇస్త్రీ చేయించి పంపాను. ఆ తర్వాత మరోసారి కూడా అలాగే చేశాను.

చివరికి పొట్టలో నీరు చేరాక గుంటూరు తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. డాక్టరమ్మ, ఈమధ్య చిక్కారా అని అడిగింది. అక్క నా వైపు చూసి, "లేదండి, ఒళ్ళు చేశాను. జాకెట్లన్నీ సరిగ్గానే ఉన్నాయండి, మా చెల్లెలే కుడతది" అంది. ఎంత నమ్మకంగా అందో! నేను అక్కడే, మంచం పక్కనే ఉన్నాను. దుప్పటి అంచు సర్దుతూ ఉండిపోయాను. డాక్టరమ్మ తలూపి ఇంకేదో అడిగింది. పరీక్షలన్నీ చేశాక అండాశయంలో గడ్డ అన్నారు, ముదిరిపోయిందన్నారు. ముందే వచ్చి ఉంటే బతికేదా అని నేను ఎవరినీ అడగలేదు. బతికేది అంటారేమోనని అడగలేదు.

అక్క పోయింది. దినం నాడు రేపల్లెలో ఉష నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "అమ్మకి ఆఖరిదాకా ఒక్క జాకెట్టు వేలాడలేదు పిన్నీ. మంచంలో ఉన్నా ముచ్చటగా ఉండేది. నీ చెయ్యి అలాంటిది" అంది. ఆ అమ్మాయి ఇప్పటికీ నలుగురిలో ఈ మాట చెబుతుంది. చెప్పినప్పుడల్లా ఏదో పని ఉన్నట్టు నేను అక్కణ్ణించి లేచి వెళ్ళిపోతాను. ఆ జాకెట్లు బీరువాలో దాచుకుంది. తనూ ఇప్పుడు బాపట్లలో మిషను పెట్టుకుని కుడుతోంది. చేతిలో మంచి పనితనం ఉన్న పిల్ల. ఏదో ఒకరోజు వాటిని తిరగేసి చూస్తుందని నా భయం. చూస్తే చదవడానికి దానికి ఒక్క నిమిషం చాలు.

ఇప్పుడు నా సంగతి. నా పొట్ట పెరుగుతోంది. వయసు, నెలసరి ఆగాక ఇంతే, అని అందరూ అంటారు. నేనూ అందరికీ అదే చెబుతాను. కానీ ఈ మధ్య సబ్బు లేకుండానే గాజులు జారుతున్నాయి. ఒకప్పుడు చిక్కాలని కాలవ గట్టంతా నడిచినదాన్ని, ఇప్పుడు గాజు జారితే ఒళ్ళు చల్లబడిపోతోంది. నేను టేపు పట్టుకుని నా చెయ్యి నేను కొలుచుకోలేదు. టేపు ఎప్పుడూ మెడలోనే వేలాడుతూ ఉంటుంది. చెయ్యి దానిదాకా వెళ్ళి ఆగిపోతుంది. అక్కకి వచ్చిందే నాకూ వచ్చిందా? ఇద్దరం ఒక తల్లి పిల్లలమే కదా. సుగరు కూడా కావచ్చు, ఏమీ కాకపోనూ వచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు. ఈమధ్య చిక్కారా అని అడుగుతారు. ఆ ప్రశ్నకి ఏం చెప్పను?

కిందటివారం ఉష వచ్చింది. ధైర్యం చేసి ఒక జాకెట్టు గుడ్డా టేపూ దాని చేతిలో పెట్టి, "నన్ను కొలువే, ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నాను. హుక్కులు ఊడిన నా ఆది జాకెట్టు కూడా కుట్టి పంపమని ఇచ్చాను. వెనకాల నిలబడి కొలిచింది. చెయ్యి దగ్గర కొంచెం ఆగినట్టు అనిపించింది. మొహం నాకు కనిపించలేదు. టేపు గబగబా చుట్టేసి, "పాత కొలతే పిన్నీ, ఏం మారలేదు" అంది. గొంతు మామూలుగానే ఉంది. నా ప్రాణం లేచొచ్చింది. ఆ పూట కడుపునిండా తిన్నాను కూడా.

నిన్న రెండు జాకెట్లూ పంపింది. ఆది జాకెట్టు తొడుక్కున్నాను. చేతులు చక్కగా పట్టాయి. అలా పట్టకూడదు. అది పోయిన నెలలోనే వదులైంది, నాకు తెలుసు. విప్పి కిటికీ దగ్గర తిరగేశాను. పాత కుట్టు పక్కన, లోపలివైపు, కొత్త దారంతో ఇంకో కుట్టు. సన్నగా, తిన్నగా. చివర ముడి వెయ్యకుండా మిషను వెనక్కి తొక్కి ఆపడం నేను నేర్పిందే.

అది ఎందుకు వేసింది? మర్యాద కోసమా? నేను హడలిపోతానని జాలిపడిందా? అమ్మ సంగతి గుర్తొచ్చి తనే భయపడి నోరు మూసుకుందా? అడిగితే గుడ్డ సాగింది పిన్నీ అంటుంది. నేను నమ్మనంటే, ఎందుకు నమ్మవంటుంది. అప్పుడు నేను చెప్పాలి. చెప్పకుండా ఉండాలంటే ఈ జాకెట్టు తొడుక్కుని, బాగా కుదిరిందని పదిమందికి చూపించుకుంటూ తిరగాలి, అక్క తిరిగినట్టు. పొద్దుట్నుంచి ఇదే ఆలోచన. బియ్యం కడిగి, కడిగాననే మరిచిపోయి మళ్ళీ కడిగాను.

ఇంతవరకూ రాసి లేచాను. ఉషకి ఫోను చేశాను.

"అమ్మ జాకెట్లు ఉన్నాయి కదా నీ దగ్గర?" అన్నాను.

"ఉన్నయ్ పిన్నీ. ఏంటి, గుర్తొచ్చిందా అమ్మ?"

"ఒకటి తీసి తిరగేసి చూడు. చేతుల దగ్గర. అవి నేను బిగించాను. తెలిసే బిగించాను."

అటువైపు మిషను చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి బీరువా తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది. అది ఏమంటుందో నాకు తెలియదు. మళ్ళీ నా గడప తొక్కుతుందో లేదో తెలియదు. కానీ ఇన్నేళ్ళకి గుటక పడింది. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, రెండో చేత్తో మెడలోని టేపు తీసి, నా చెయ్యి నేనే కొలుచుకోవడం మొదలుపెట్టాను.