దండం పెట్టిన ట్యాంకు

బొబ్బిలిలో వీణలు చేసే పరంజ్యోతి ఒక యుద్ధ ట్యాంకు చేత దేవుడికి దండం పెట్టించాడు. నమ్మకపోతే మీ ఖర్మ.

బావమరిది ప్రకాష్ ఇరవయ్యేళ్ళు సైన్యంలో ట్యాంకు తోలి ఇంటికొచ్చాడు. చుట్టాలు మాత్రం లారీ తోలాడనే అనుకున్నారు. క్షేమంగా తిరిగొచ్చినందుకు పెట్టే కృతజ్ఞత ప్రార్థన కూడికలో వాళ్ళకు చూపించాలని మూడొందల ముక్కల ప్లాస్టిక్ ట్యాంకు కిట్టు తెప్పించి, "బావా, నా సెయ్యి వణుకుతాది. నువ్వే అతికించాల. నా పరువు నీ సేతిలో ఉన్నాది" అన్నాడు.

చీమ కాలంత ముక్కల్ని పరంజ్యోతి ఊపిరి బిగబట్టి అతికించాడు. ఆ వారం బొబ్బిలిలో గాలే ఆడలేదు. చివరికి ఫిరంగి గొట్టం దగ్గర జిగురు అయిపోయింది. వీణకు మెట్లు నిలబెట్టే మైనమే దానికీ పెట్టేశాడు. ఆ మైనం మీద ఆయనకు అంత నమ్మకం.

కూడికనాడు ట్యాంకును కిటికీ పక్కన బల్ల మీద ఉంచారు. పాస్టరుగారు ప్రార్థన మొదలెట్టగానే గొట్టం మెల్లగా వంగి బల్లను ముద్దాడింది.

"ఓలమ్మో! ప్రకాషు లారీ దేవుడికి మొక్కుతన్నాది!" అని ప్రకాష్ మేనత్త దేవమణి కేకేసింది. సంఘమంతా హల్లెలూయా అంది. ప్రకాష్ మొహం మాడిపోయింది.

పరంజ్యోతి లేచి నిలబడ్డాడు.

"ఆడు తోలింది లారీ కాదు, ట్యాంకే. ఇదేటీ మొక్కనేదు. ఎండ తగిలి నానెట్టిన వీణ మైనం కరిగిపోనాది, అంతే."