పేగుముక్క కదిలిన పూట

చేపల తొట్టెలో గాలి బుడగలు గుడగుడమంటే చాలు, నాకు సుజాత మేడం గుర్తొస్తారు. మొన్న పాపను పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడూ అంతే, పక్కనున్న తొట్టె చప్పుడు వింటూ అలా కూర్చుండిపోయాను. మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో కామారెడ్డి ఫార్మసీ కాలేజీలో మాకు నేర్పింది ఆవిడే. మనిషి కోపిష్టి. ల్యాబ్‌లో ఎవరైనా గట్టిగా తుమ్మినా ఊరుకునేవారు కాదు.

2012లో నేను మూడో సంవత్సరం. మందు చుక్క పడితే పేగు ఎంత ముడుచుకుంటుందో పరీక్షలో చూపించాలి, దానికి ఒక గినీ పిగ్‌ను చంపాలి. ఆ పని నా వల్ల కాదు, చదువు మానేస్తానని మేడంతో చెప్పేశాను. ప్రయోగాల్లో జంతువులను తగ్గించమని దేశమంతటా కాలేజీలకు సూచనలు వస్తున్న రోజులవి. చాలామంది వాటిని చదివి పక్కన పెట్టేవారు. మేడం అలా పెట్టలేదు.

"మీ బాపు ఎల్లారెడ్డిల ఏం జేస్తడు?" అని అడిగారు.

"చికెన్ సెంటర్, మేడం."

"మరింకేంది? కోసిన కోడి పేగు పారేస్తడు గద, ఫ్లాస్క్‌ల వట్టుకరా. చదువు మానుడు గీనుడు నా ముంగట అనకు."

"గా పేగులతోని పాసైతవా బిడ్డా?" అని బాపు నవ్వాడు. నవ్వుతూనే పరీక్షరోజు పొద్దున్నే మొదటి కోడి పేగు తీసి, మేడం కలిపిచ్చిన చల్లని ఉప్పు ద్రావణంలో వేసిచ్చాడు. బస్సులో ఆ ఫ్లాస్క్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పక్కనున్న అవ్వ, "ఛాయా బిడ్డా? నాకింత పొయ్యరాదు" అంది. ఫ్లాస్క్ మూత ఇంకాస్త బిగించాను.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్‌కు ఈ ఏర్పాటు నచ్చలేదు. కోడిపేగు కదలకపోతే గినీ పిగ్‌నే కోయాలన్నారు. అదేమో పక్క బోనులో క్యారెట్ కొరుకుతోంది. పేగుముక్కను వెచ్చని ద్రావణంలో వేలాడదీసి, గాలి బుడగలు వదిలి, ఆయన తొందర పెడితే వెంటనే మందు చుక్క వేశాను. పేగు ముడుచుకుంటే లేవాల్సిన ముల్లు, మసి పూసిన కాగితం మీద తిన్నటి గీతే గీసింది. ఏడుపు తన్నుకొచ్చింది.

"ఆగుండ్రి సార్. గది సల్లట్లకెల్లి వచ్చింది, జరసేపు ఊపిరి తీస్కోనియ్యాలె," అన్నారు మేడం. నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు గూడ తీస్కో," అన్నారు.

అరగంట ఆగి మళ్ళీ చుక్క వేశాను. ముల్లు లేచింది. నల్లని కాగితం మీద తెల్లని గుట్ట ఒకటి గీసి మెల్లగా దిగింది. ఎగ్జామినర్ సంతకం చేశారు. మేడం గినీ పిగ్ బోనును తీసుకెళ్ళి జంతువుల గదిలో పెట్టి వచ్చారు.

ఇప్పుడు హైదరాబాదులో ఒక మందుల కంపెనీలో, ప్రయోగానికి జంతువులు కావాలనే కాగితాలు నా బల్ల మీదికే వస్తాయి. సంతకానికి ముందు, ల్యాబ్‌లో పెంచిన కణాల మీద ఇంకోసారి ప్రయత్నించి చూడమంటాను. "ఎన్నిసార్లు మేడం?" అని నా కింద పనిచేసే పిల్లలు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఆ రోజు చదువు మానేస్తానన్న పిల్లను సుజాత మేడం పోనిచ్చి ఉంటే, ఈ కుర్చీలో కూర్చోవడానికి, జంతువులను చంపేందుకు వెనకాడనివాళ్ళే మిగిలేవారు.