ముందుకు జరిపిన నలభై ఐదు నిమిషాలు

నలభై ఐదు నిమిషాల బరువెంతో మీకు తెలియదు. నాకు తెలుసు. తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు, దేవుడి దగ్గరా చెప్పుకోలేదు. ఇది చదివే మీరు నా ముఖం చూడరు, పేరు అడగరు. అందుకే మీకు చెబుతున్నాను.

అప్పట్లో సముద్రం ఒడ్డున ఒక రొయ్య పిల్లల హేచరీలో కంప్యూటర్ల పని చూసేవాణ్ణి. ఆఫీసులో ఒక పెద్ద కంప్యూటరు ఉండేది. బిల్లులు కొట్టేది, హాజరు తీసుకునేది, జనరేటర్ ఎప్పుడు వేసిందీ నమోదు చేసేది, అన్నీ పది నిమిషాలకోసారి దాన్ని టైమడిగి తమ గడియారాలు దిద్దుకునేవి. అన్నింటిలో ఒకే టైము ఉండేలా చూడటం నా పని. ఆ సంగతి నలుగురి దగ్గరా గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా.

ఆ రోజు సోమవారం. కొత్త షెడ్డు నుంచి మొదటి సీడు లోడు, అంటే చెరువుల్లో వదిలే రొయ్య పిల్లల లోడు, వెళ్లాలి. ఎండెక్కితే సంచుల్లో పిల్లలు చస్తాయని డ్రైవర్ తొందర పెడుతున్నాడు. తొమ్మిది దాకా రాహుకాలం, అందులో బిల్లు కొట్టేది లేదని ఓనరు పట్టుబట్టారు. నన్నెవరూ అడగలేదు. నేనే ముందుకెళ్లి, కంప్యూటరుకి తొమ్మిది దాటించేస్తానన్నాను. ఎనిమిదీ ఇరవైకి పెద్ద కంప్యూటరులో తొమ్మిదీ ఐదు చేశాను. బిల్లు వచ్చింది, లారీ కదిలింది, ఓనరు నవ్వి నా భుజం తట్టారు. రాహువునే బురిడీ కొట్టించినంత సంబరం నాకు. ఆ సంబరంలో టైము వెనక్కి తిప్పడం మరిచిపోయాను. మధ్యాహ్నం అన్నానికి లేవబోతూ గుర్తొచ్చి దిద్దాను.

ఈలోగా ఒకసారి కరెంటు పోయింది. జనరేటర్ చూసే పెంచలయ్య వెంటనే దాన్ని వేశాడు. ట్యాంకుల్లోకి గాలి ఆగితే పిల్లలు బతకవని అతనికి నాకంటే బాగా తెలుసు. అయినా మర్నాటికి రెండు ట్యాంకుల్లో పిల్లలన్నీ చచ్చి తేలాయి. ఆ కంపు ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఓనరు లెక్క తీయించారు. సబ్‌స్టేషన్ వాళ్ల పుస్తకంలో కరెంటు పోయింది ఎనిమిదీ నలభైకి. మా కంప్యూటరులో జనరేటర్ వేసింది తొమ్మిదీ ఇరవై ఏడుకి.

ఇద్దర్నీ పిలిచారు.

"బిల్లు కొట్టంగానే టైము సరిచేసినావు గదా?" అని ఓనరు నన్నడిగారు.

ఆ మాటేమిటో పెంచలయ్యకు అర్థం కాలేదు. నా వైపు చూశాడు. "చెప్పన్నా. నేను పరిగెత్తినాను. రెండు నిమిషాలు గూడా పట్టలా."

"అప్పుడే చేసినాను సార్," అన్నాను.

ఎందుకలా అన్నాను? ఉద్యోగం పోతుందనా? పోయేది కాదు, తిట్టి వదిలేసేవారు. నిజం చెప్పనా? పనిమంతుణ్ణన్న పేరు పోతుందని. ఛీ, ఆ పేరు కోసం. సాయంత్రానికి అతన్ని పనిలోంచి తీసేశారు. నేను టైము మార్చిన ఆనవాళ్లన్నీ కంప్యూటరులోంచి తుడిచేసి, తేలు కుట్టిన దొంగలా కూర్చుని, టీ తెప్పించుకుని తాగాను.

వారం తిరక్కుండానే పక్క హేచరీలోనూ పిల్లలు చచ్చాయి. నీళ్లలోనే తెగులుందని తేలింది. అప్పుడైనా నోరు విప్పానా? లేదు. సీడు చంపినోడన్న మాట మాత్రం పెంచలయ్యను వదల్లేదు. ఆ ఒడ్డు పొడుగునా ఏ హేచరీ వాళ్లూ అతన్ని పనిలో పెట్టుకోలేదు.

పోయిన నెల నాయుడుపేట బస్టాండులో కనిపించాడు. ముత్తుకూరులో లారీల దగ్గర కాపలా పనట. మనిషి సగమయ్యాడు. నా మీద కోపమేమీ లేదు. వద్దన్నా వినకుండా టీ ఇప్పించాడు. గ్లాసు చేతిలో తిప్పుతూ అన్నాడు: "ఆ రోజు నేను నిజంగానే లేటు చేసినానేమో అన్నా. ఇప్పుడు నాకే నమ్మకం లేదు."

నేనేమన్నానో తెలుసా? "పోనీలే" అన్నాను. అతని తప్పు నేను క్షమించినట్టు! అతని టీ తాగుతూ! నా అంత నీచుణ్ణి నేనింతవరకు చూడలేదు.

బస్సు వచ్చింది, ఎక్కేశాను. అతనికి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు, వస్తుందో లేదో తెలియదు. మీకు చెబుతుంటేనే కాస్త ఊపిరాడుతోంది, ఆ హాయికీ సిగ్గుగానే ఉంది. అయినా ఒక్కచోటైనా ఉన్నదున్నట్టు రాసి ఉండాలి.

పెంచలయ్య జనరేటర్ వేసింది ఎనిమిదీ నలభై రెండుకి. అతను లేటు చేయలేదు.