వరికోత మిషన్ ఎవరిది

కోర్టు హాల్లో స్వరూప "నాకు ఇష్టం లేదు సార్" అన్నప్పుడు అందరూ ఆశ్చర్యపోయారు. ఆ మాట అనవచ్చని, అంటే ఎవరూ ఏమీ చేయలేరని కాసేపటి ముందే వరండాలో ఆమెకు చెప్పింది నేను. ఈ సంగతి నా సీనియర్‌కు చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటుంది, అందులోనూ రాసుకోలేదు.

కరోనా తర్వాత కోర్టులు మళ్లీ పూర్తిగా తెరుచుకున్న ఏడాది మెదక్‌లో ఒక వకీలు దగ్గర జూనియర్‌గా చేరాను. కొన్నేళ్లకే ఆ వృత్తి వదిలేశాను, ఇప్పుడు విద్యార్థులకు చట్టం పాఠాలు చెబుతున్నాను. జూనియర్ పనంటే వాయిదాలు చూసుకోవడం, అఫిడవిట్లు తయారు చేయడం, జడ్జి ఏమడుగుతారో, ఏమని చెప్పాలో క్లయింట్లకు ముందుగా నేర్పడం. నలుగురిలో నోరు విప్పడానికి జంకే నాకు ఈ చివరి పనే తేలిక. ఎదురుగా ఒక్కరే ఉంటారు.

మా క్లయింట్ స్వరూపది హవేలిఘనపూర్ పక్కన ఒక ఊరు. భర్త ఇంకొకామెతో కాపురం పెట్టాడు. కోర్టుకు రాకముందే ఊరి పెద్దమనుషులు పంచాయితీ చేశారు. మా దగ్గర పంచాయితీ మొదలుకాక ముందే రెండు పక్షాలూ పెద్దల దగ్గర ధరావతు పెట్టాలి. తీర్పు కాదన్నవాళ్లకు ఆ సొమ్ము తిరిగిరాదు. స్వరూప తరఫున ఆమె అన్న నర్సింలు పెట్టాడు. తీర్పు ఏమిటంటే, భర్త ఒక్కసారి కొంత డబ్బిస్తాడు, ఆమె ఇక ఎన్నడూ భరణం అడగకూడదు. వాళ్లు కిరాయికి తిప్పే వరికోత మిషన్ అతనిదే. ఆ మిషన్ కొనేటప్పుడు కుదువపెట్టి పోగొట్టుకున్నది స్వరూప పుట్టింటి బంగారం. పంచాయితీ జరిగినంతసేపూ ఆమె పక్కగదిలో కూర్చుంది. లోపలికి ఎవరూ పిలవలేదు.

ఆ తీర్పుకు కోర్టు ముద్ర వేయించడానికి ఇద్దరి పేరా పరస్పర అంగీకార విడాకుల అర్జీ వేశారు. ఇందులో చివరి వాయిదా నాడు జడ్జి ఇద్దరినీ విడివిడిగా అడుగుతారు, ఇష్టపూర్వకంగానే ఒప్పుకున్నారా అని. అవునంటే విడాకులు ఇచ్చేస్తారు. అంతవరకూ ఎవరైనా వెనక్కి తగ్గవచ్చు. ఈ రెండో మాట క్లయింట్లకు ఎవరూ చెప్పరు.

ఆ రోజు వరండాలో నేను నేర్పుతుంటే స్వరూప ఫోన్ మోగుతూనే ఉంది. కోతల కాలం. మిషన్ మీద పెయింటుతో రాయించిన నంబర్ ఆమెదే. టేక్మాల్ నుంచి ఒక రైతు, అక్కా మిషన్ ఎప్పుడొస్తది అని అడిగాడు. "నన్నేం అడుగుతవ్ తమ్మీ? గాయినకు కొత్తామె ఉన్నది గద, ఆమెనే అడుగు," అని పెట్టేసింది. పెట్టేసి, ఎవరి పొలం ఆరిందో, ఎవరిది ఇంకా తడిగా ఉందో తానే నాకు వివరించింది. మిషన్ ఏ ఊరికి ఎప్పుడు పోవాలో చూసింది ఇన్నేళ్లూ ఆమె.

అప్పుడు ఆమెకు నిజం చెప్పాను. మన చట్టంలో విడాకులప్పుడు ఆస్తి చెరిసగం చేసే పద్ధతి లేదు. మిషన్‌లో సగం రాదు. కానీ పుట్టింటి బంగారం మీదే, దాని విలువ అడగొచ్చు. అతని సంపాదనను బట్టి నెలనెలా భరణం అడగొచ్చు. ఇప్పుడు అవునంటే ఈ దారులన్నీ దాదాపు మూసుకుపోతాయి.

"మరి మా అన్న ధరావతు?" అని అడిగింది.

పోతుందని చెప్పాను. అంతలో పేరు పిలిచారు.

అర్జీ కొట్టేశారు. బయట నర్సింలు చెల్లెలి మీద విరుచుకుపడ్డాడు. "పెద్దమనుషుల ముంగట నా ఇజ్జత్ తీసినవ్. నేనేం మొఖం పెట్టుకొని ఊర్లకు పోవాలె?" స్వరూప తల వంచలేదు. "నన్ను లోపటికి పిలిస్తే గప్పుడే చెప్తుంటి గదనే," అంది. ఆ తర్వాత ప్రతి వాయిదాకూ అతను ఆమెను బండి మీద తెచ్చి గేటు దగ్గర దించి వెళ్లిపోయేవాడు. లోపలికి మాత్రం రాలేదు.

భర్త విడిగా విడాకుల కేసు వేశాడు. మేము విడాకులకు అడ్డు చెప్పకుండా, అందులోనే భరణం, బంగారం విలువ అడిగాం. ఇలాంటి కేసుల్లో ఇద్దరూ ఆస్తి, అప్పు, ఆదాయం చూపే అఫిడవిట్ ఇవ్వాలి. అతను తనకు కొద్దిపాటి పొలం తప్ప ఏమీ లేదని, మిషన్ తమ్ముడిదని రాశాడు. కాగితాలు నిజంగానే తమ్ముడి పేరు మీద ఉన్నాయి.

భర్తను క్రాస్ ఎగ్జామిన్ చేయాల్సిన రోజు నా సీనియర్ ఇంకో కోర్టులో ఇరుక్కుపోయారు. వాయిదా అడగమని కబురు పంపారు. నేను అడగలేదు, లేచి నిలబడ్డాను. జడ్జి రెండుసార్లు గట్టిగా మాట్లాడమన్నారు. మిషన్ మీద ఉన్న నంబర్ ఎవరిదని అడిగాను. ఆమెదని ఒప్పుకున్నాడు. రైతులతో మాట్లాడింది, డ్రైవర్‌ను పంపింది, డీజిల్ పోయించింది ఆమే కదా అన్నాను. వెనక బెంచీలో పంచాయితీ చేసిన పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు ఆ మాట అతనికి తగిలింది.

"ఫోన్లు ఎత్తినంత మాత్రాన మిషన్ ఆమెదైతదా మేడం? మిషన్ నాది. నేను కొన్న. తమ్ముని పేరు మీద ఉత్తగనే పెట్టిన."

అతని వకీలు ఫైలు మూసేశాడు. జడ్జి ఆ వాక్యాన్ని ఒక్క మాట మార్చకుండా టైపిస్టుతో రాయించారు.

తీర్పులో విడాకులు ఇచ్చారు. మిషన్ సంపాదననూ లెక్కలోకి తీసుకుని స్వరూపకు నెలనెలా భరణం, బంగారం విలువ ఇవ్వమన్నారు. భరణం ఆగకుండా అతని పొలం మీద చార్జి పెట్టారు, అంటే ఆ బాకీ తీర్చకుండా పొలం అమ్ముకున్నా బాధ్యత పొలంతోపాటే కొన్నవాళ్ల మీదికి వస్తుంది. మిషన్ అతనికే మిగిలింది. ధరావతు పెద్దల దగ్గరే ఉండిపోయింది.

ఆ కేసు నాకు నేర్పింది ఇది. ఆస్తి పంపకంలో ఆడదాని వాటా చట్టం దగ్గర కాదు, ఆమెను కూర్చోబెట్టని గదిలోనే ముందు పోతుంది. వకీలు చేయాల్సిన మొదటి పని కాదనే హక్కు ఉందని ఆమెకు చెప్పడం. గొంతు చిన్నదైనా ఆ పని చేయవచ్చు.

నేను ప్రాక్టీసు మానేస్తున్నానని తెలిసి స్వరూప ఆఫీసుకు వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు, బస్సుకు టైమైందంది. గుమ్మం దగ్గర ఆగి అంది: "మానుకుంటె మానుకోండ్రి గని మేడం, ఫోన్ మాత్రం ఎత్తుండ్రి. మా దిక్కు నా అసొంటోళ్లు ఇంకో ఇద్దరున్నరు."