భిక్ష నాడు బయటపడ్డ గుడ్డు

కొత్త కోడలిగా బూర్గంపాడు దగ్గరి పల్లెకు వచ్చిన ఆ రోజుల్లో నాకు ఆకలి ఎక్కువ, ధైర్యం తక్కువ. (ఇప్పుడు రెండూ తారుమారయ్యాయని మా ఆయన అంటాడు.) మధిర వైపు గారాబంగా పెరిగిన నేను అత్తగారింట్లో ఏం కావాలన్నా గుటకలు మింగి, చివరికి అడక్కుండానే ఊరుకునేదాన్ని. ఏడో నెల కడుపుతో ఉన్నప్పటి సంగతి ఇది. తలుచుకుంటే ఈనాటికీ చెవులు వేడెక్కుతాయి.

నా కాన్పు సుఖంగా జరగాలని ఆ వేసవిలో మా ఆయన హనుమాన్ మాల వేశాడు. మాల వేసిన ఇంట్లో నీచు వండరు, తినరు. దీక్ష అయ్యేదాకా గుడ్డు గడప దాటి లోపలికి రాకూడదు. అత్తమ్మ కోడికూర వండే గిన్నెలన్నీ అటకెక్కించి ఇల్లంతా కడిగేసింది. మా ఆయన నాకు స్వామి అయ్యాడు, నేను ఆయనకు మాతనయ్యాను. (దీక్షలో ఉన్నవాళ్లు ఆడవాళ్లందరినీ అలాగే పిలవాలి, పెళ్లానికి మినహాయింపేమీ లేదు.) సరిగ్గా అప్పుడే అంగన్‌వాడీ టీచరక్క నన్ను పరీక్షలకని భద్రాచలం దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ నా కంటి కింది రెప్ప లాగి చూసి, "ఒంట్ల రక్తం లేదు. మాత్రలు వేసుకో. పప్పు, ఆకుకూర, రోజూ ఓ గుడ్డు తిను. ఇట్లనే ఉంటే కాన్పప్పుడు నీకూ కష్టం, బిడ్డకూ కష్టం" అంది. ఇంటికొచ్చి మాత్రల సంగతి చెప్పాను. గుడ్డు సంగతి గొంతు దాటలేదు. నా బిడ్డ కోసం ఒంటిపూట తింటూ నేల మీద పడుకుంటున్న మనిషిని గుడ్డు కావాలని ఎలా అడిగేది?

తోవ టీచరక్కే చూపించింది. కడుపుతో ఉన్నవాళ్లకు అంగన్‌వాడీ సెంటర్‌లో రోజూ మధ్యాహ్నం అన్నం, పప్పు, పాలతోపాటు గుడ్డూ పెడతారు. "పోతే పో గని గుడ్డు ముట్టకు" అంది అత్తమ్మ. "ముట్టను అత్తమ్మా" అన్నాను. (నిజంగానే ముట్టలేదు, చెంచాతో తిన్నాను.) తిన్నాక సోంపు నమిలి, ఇంటికొచ్చి మళ్లీ తలస్నానం చేసేదాన్ని. అత్తమ్మ మురిసిపోయి ఇరుగుపొరుగుకు, "మా కోడలికి స్వామి కంటె ఎక్కువ నిష్ఠ. మిట్టమధ్యాన్నం గూడ తానం చేస్తది" అని చెప్పేది. వాళ్లు నన్ను భక్తిగా చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. అలా చచ్చిపోయి, మర్నాడు మళ్లీ వెళ్లేదాన్ని.

ఒకనాడు ఊళ్లో మాల వేసిన స్వాములందరికీ మా ఇంట్లో భిక్ష, అంటే మధ్యాహ్న భోజనం. వడ్డనకు మనుషులు కావాలి కనుక నేను సెంటర్‌కు పోలేదు. వాకిట్లో వేసిన పందిట్లో స్వాములు వరుసగా కూర్చుని తింటుండగా టీచరక్క వచ్చింది, చేతిలో టిఫిన్ డబ్బాతో. స్వాములకేదో తెచ్చిందనుకుని అత్తమ్మ సంబరంగా అందుకుని, వరుస మధ్యలోనే మూత తీసింది. పప్పన్నం మీద గుడ్డు దర్జాగా కూర్చుని ఉంది.

"అది మీ కోడలికమ్మా" అంది టీచరక్క, మా ఇంట్లో నేనాడుతున్న నాటకం తెలియక. "రోజు తినేదాయె, ఇయ్యాల రాలేదని తెచ్చిన. రక్తం తక్కువున్నది, ఒక్కపూట గూడ తప్పొద్దన్నది డాక్టరమ్మ."

పందిట్లో చేతులన్నీ ఆగిపోయాయి. నా చేతిలో సాంబారు గరిటె అలాగే ఉండిపోయింది. భూమి చీలితే లోపలికి పోదామనిపించింది (ఆ కడుపుతో దూకడం కూడా కష్టమే అనుకోండి). "రోజు తింటున్నవా?" అంది అత్తమ్మ. "అవునత్తమ్మా" అన్నాను. ఆమె నన్ను ఊరందరి ముందు పొగిడిన మాటలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి, ఆమె ముఖం చూడలేకపోయాను. ఆమె తల దించుకునేలా చేశానే అని ఏడుపొచ్చింది.

స్వాములు తిని లేచేదాకా మా ఆయన తలెత్తలేదు. తర్వాత చేయి కడుక్కుని లోపలికి పోయి, చాప, బట్టల సంచీ తీసుకుని బయటికి వచ్చాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"అమ్మా, మాల తీసేదాంక నేను గుడి కాడ స్వాములతోని ఉంట. ఈమెకు ఇంట్లనే గుడ్డు ఉడకబెట్టు" అన్నాడు. నా వైపు తిరిగి మెల్లగా, "నేను మాల ఏసుకున్నదే మీ ఇద్దరి కోసం గద మాతా. నాతోని ఒక్క మాట చెప్తే ఏమైతుండె?" అన్నాడు. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

"నేను గూడ కడుపు మోసినదాన్నే గద. నాకన్న చెప్పకపోతివి" అని గొణుగుతూ అత్తమ్మ అటక మీది గిన్నె దించింది.

అప్పటినుంచి ఆయన రోజూ పొద్దున వచ్చి, గేటు బయటే నిలబడి "తిన్నవా?" అని అడిగి పోయేవాడు. నేను ఇంకా నములుతూనే వాకిట్లోకి వచ్చి తలూపేదాన్ని. బిడ్డ క్షేమంగా పుట్టింది. ఇప్పుడు బడికి పోతోంది, ఏది కావాలన్నా ఇల్లెగిరిపోయేలా అడుగుతుంది. దాన్ని చూసినప్పుడల్లా అప్పటి నేను గుర్తొస్తాను. ఇంట్లో ఒక్క మాట చెప్పడానికి తెరుచుకోని ఆ నోరు, గుడ్డు కనపడితే మాత్రం ఎంత చక్కగా తెరుచుకునేదో అని, సిగ్గుపడుతూనే నవ్వుకుంటాను.